పోయినసారి బి, ఈసారి డి

22 ఆగస్టు 2005, సోమవారం

ఫలితాలు వచ్చాయి. మా మూడో తరగతిలో ముప్పై నాలుగు మంది. ఏ ఇద్దరు, బి ఏడుగురు, సి పదకొండు మంది, డి పద్నాలుగు మంది. ఇదే పిల్లలు పోయిన ఫిబ్రవరిలో రెండో తరగతిలో ఉన్నప్పుడు డి ముగ్గురే.

పెద్దసారు గోపాలరావుగారు కాగితం రెండుసార్లు తిప్పి చూసి, "మైసయ్య సారు మరీ గట్టిగ పట్టినట్టుంది" అన్నారు. ఈసారి ఎవరి పిల్లలకు వాళ్ళు పరీక్ష పెట్టకూడదని పైనుంచి ఉత్తర్వు. మా పిల్లలకు పక్క ఊరి మైసయ్య సారు పెట్టారు. ఆయన పిల్లల్ని ఒక్కొక్కరినే వేపచెట్టు కిందికి పిలిచి చదివించారు. బయట ఎండ, కొత్త మనిషి, మీసాలు. పిల్లలు భయపడరా మరి?

అన్నం తింటుంటే మా ఆయన అడిగాడు, డి అంటే ఫెయిలా అని. కాదన్నాను. అక్షరాలు వచ్చి పదం చదవలేకపోతే డి. పదాలు చదివితే సి. వాక్యం చదివితే బి. ఒక పేరా చదివి అందులో ఏముందో చెప్పగలిగితే ఏ. "పాసూ లేదు, ఫెయిలూ లేదు. మరి పరీక్ష ఎందుకు?" అన్నాడు. ఆయన ఉద్యోగం దుండిగల్‌లో, గుమాస్తా పని. ఆయనకి అన్నిటికీ అవునో కాదో కావాలి.

మా క్లాసు శృతికి కూడా డి వచ్చింది. ఆ రోజు ఒంట్లో బాగాలేదేమో.

24 ఆగస్టు, బుధవారం

కార్డులు ఇచ్చేశాం. ఈ ఏడాది కార్డు మీద రెండు గళ్ళు అచ్చేశారు. ఒకటి "పోయినసారి", రెండోది "ఈసారి". ఎవరికి వచ్చిన ఆలోచనో గానీ వాళ్ళకో దండం. డి వచ్చిన పద్నాలుగు కార్డుల్లో పదకొండింటి మీద పక్కపక్కనే బి, డి.

శృతి తన కార్డుని చూసుకుని, "రెండక్షరాలున్నయి మేడం" అని సంతోషపడింది.

ఆ పిల్ల రాత నాకంటే బాగుంటుంది. గుండ్రంగా, గీత మీద కూర్చోబెట్టినట్టు. బోర్డు మీద నేను వంకరగా రాసింది కూడా తను సరిచేసి ఎక్కించుకుంటుంది. ఆ నోట్సు చూస్తే ఎవరైనా బి అనే అంటారు. ఎవరైనా అంటారు.

25 ఆగస్టు

శృతి బడికి రాలేదు.

29 ఆగస్టు, సోమవారం

శృతి వాళ్ళ నాయిన వచ్చాడు. మొగులయ్య. రావల్కోల్ దారిలో ఉన్న ద్రాక్ష తోటలో మందులు కొడతాడు, మోటరు చూస్తాడు. ఆయన్ని జెండా పండుగకి తప్ప బడి దగ్గర చూసింది లేదు. చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికి వచ్చాడు. కుర్చీ చూపించాను, కూర్చోలేదు.

"కిరాణం సేటుతోని చదివిచ్చిన మేడం" అన్నాడు కార్డు నా బల్ల మీద పెట్టి. "పోయినసారి బి ఉండెనట. ఈసారి డి అయిందట. రెండు మెట్లు కిందికి దిగిందన్నడు. గంతేనా?"

నేను అక్షరాలు, పదాలు, వాక్యాలు అని మొదలుపెట్టాను. మా ఆయనకి చెప్పిందే. మొగులయ్య తలూపుతూ విన్నాడు. అంతా విన్నాక, "అంటే మొదలు వాక్యం చదివేది. ఇప్పుడు ఉత్త అక్షరమే వస్తాంది. గంతే గదా?" అన్నాడు.

నేను కార్డుని బల్ల అంచుకి సమంగా జరిపాను.

"ఎండకాలంల బోరు కాడ జారిపడ్డది మేడం. నేనే తోలిన, మోటరు బంద్ చేసి రాపో బిడ్డా అని. తలకాయ తొట్టి గోడకు తాకింది. రక్తం సుత రాలే. మేం గంతగనం పట్టించుకోలే. అప్పటిసంది గిట్ల మర్చిపోతాంది కావచ్చు. నాకు సమజ్ కాలే. మీ కార్డు వచ్చేదాంక సమజ్ కాలే."

వెళ్ళేటప్పుడు నాకు రెండు చేతులూ జోడించాడు. కార్డు ఇచ్చి కళ్ళు తెరిపించినందుకు.

30 ఆగస్టు

ఏమో, నిజంగానే ఆ దెబ్బే కారణమేమో. తలకి దెబ్బలు తగిలితే మర్చిపోతారని పత్రికల్లో చదువుతూనే ఉంటాం. నేనేం డాక్టర్నా?

31 ఆగస్టు

దెబ్బ కాదు.

3 సెప్టెంబర్, శనివారం

పాలు పొంగేలోపు రాసేయాలని కూర్చున్నాను. మా అమ్మాయి నవ్యశ్రీ ఇంకా లేవలేదు, మా ఆయన స్నానానికి వెళ్ళాడు.

ఫిబ్రవరిలో జరిగింది ఇది. అప్పుడు మన పిల్లలకు మనమే పరీక్ష పెట్టుకున్నాం. వందకి ఎనభై మంది ఏ, బి గ్రేడుల్లో ఉండాలని మీటింగులో చెప్పి పంపారు. లేకపోతే ఎందుకు లేరో రాసివ్వాలట. గోపాలరావుగారు, "ఈసారికి సర్దుదాం పద్మజమ్మా, జూన్‌ల గట్టిగ నేర్పుదాం" అన్నారు. అందరూ సర్దారు. ఇది రాస్తుంటేనే నాకు తేలిగ్గా ఉంది, అందరూ అన్న ముక్క వల్ల.

నేను సర్దింది పదకొండు మందిని. ఆ పదకొండు మందిలో శృతి పేరు దగ్గర నా చెయ్యి అసలు ఆగలేదు. మిగతా వాళ్ళ దగ్గర ఒక్క క్షణం ఆగింది. శృతి దగ్గర మాత్రం, ఇంత చక్కగా రాసే పిల్లకి చదవడం రాకపోతే మాత్రం ఎన్నాళ్ళు, వచ్చేస్తుందిలే అనుకున్నాను. చదవమని అడగను కూడా లేదు. అడిగితే తెలిసిపోతుందని అడగలేదు.

ఈసారి పరీక్ష రోజే మైసయ్య సారు నాతో అన్నారు, "ఈ పిల్ల బొమ్మ గీసినట్టు రాస్తాంది మేడం, చదువుతలేదు" అని. నేను ఆయన మీసాల గురించి రాసుకున్నాను గానీ ఆ మాట రాసుకోలేదు.

పాలు పొంగాయి.

5 సెప్టెంబర్

గురుపూజోత్సవం. పిల్లలు పెన్నులిచ్చారు. మాట్లాడమంటే గొంతు బాగాలేదన్నాను.

9 సెప్టెంబర్, శుక్రవారం

నవ్యశ్రీ ప్రోగ్రెస్ కార్డు వచ్చింది. లెక్కల్లో డెబ్బై ఎనిమిది, ర్యాంకు పదకొండు. నేను మధ్యాహ్నం సెలవు పెట్టి వాళ్ళ స్కూలుకి వెళ్ళాను. జవాబు పత్రం చూపించమన్నాను. పోయిన ఇరవై రెండు మార్కులు ఎక్కడ పోయాయో వెతికాను. భిన్నాల కూడికలు. అన్నీ అవే. ఇంటికి వచ్చి నాలుగు లెక్కలు చేయించాను, రెండు సరిగ్గా చేసింది. నా ప్రాణం కుదుటపడింది.

బస్సులో వస్తూ అనుకున్నాను. నా కూతురికి డెబ్బై ఎనిమిది వస్తే, ఇరవై రెండు ఎటు పోయాయని నిలదీసి అడగడం నాకు తెలుసు. మొగులయ్యకి కాగితం మీద ఉన్నదే నిజం. అది రాసింది నేను.

12 సెప్టెంబర్, సోమవారం

శృతి వాళ్ళ అమ్మ దుర్గాబాయి వచ్చింది. తల మీది గడ్డిమోపు దించకుండానే గుమ్మంలో నిలబడింది.

"ఇగ బడికి తోలం మేడం. మా ఆయన చెప్పి రమ్మన్నడు. సదివి సదివి తలకు బరువైతే ఇంకింత కరాబైతదట. శుక్రవారం సికింద్రాబాద్ పెద్ద దవాఖానకు రమ్మన్నరు, తలకాయ ఫోటో తీస్తరట. అది చూసినంక గని ఏ సంగతి చెప్పం."

"శృతి ఎలా ఉంది?" అన్నాను.

"ఎట్లుంటది? మంచిగనే ఉన్నది. ఉరుకుతది, తింటది. ఆయననే పరేషాన్‌ల ఉన్నడు. అన్నం ముంగట పెట్టుకుని కూసుంటడు, తినడు. నా చేతులతోని నా బిడ్డను కరాబ్ జేసిన్నని అంటడు."

ఆమె వెళ్ళాక గోపాలరావుగారికి చెప్పాను, నేను వాళ్ళకి నిజం చెప్పేస్తానని. ఆయన చెడ్డవాడు కాదు. తలుపు దగ్గరికి వేసి నెమ్మదిగా మాట్లాడారు. "ఒక్క కార్డు కాదమ్మా. ఊరంత తెలుస్తది. పదకొండు ఇండ్లోళ్ళు వచ్చి అడుగుతరు. తర్వాత మండలమోళ్ళు అడుగుతరు. ఫోటోల ఏం లేదని తేలుతది, వాళ్ళే తోలుతరు. జర ఆగుండ్రి."

ఆగితే మంచిదే. ఆగితే అందరికీ మంచిదే. ఫోటోలో ఏమీ ఉండదు. అప్పుడు మొగులయ్య ఏమనుకుంటాడు? ఫోటోకి కూడా దొరకని దెబ్బ అనుకుంటాడు.

14 సెప్టెంబర్

ఆగాను.

15 సెప్టెంబర్, గురువారం

బడి వదలగానే షేర్ ఆటో ఎక్కి తోటకి వెళ్ళాను. పందిళ్ళ చివర, మోటరు గది నీడలో శృతి కూర్చుని ఉంది. జబ్బకి నల్లదారంతో తాయెత్తు. తల నిండా నూనె. ఎండలోకి రానివ్వడం లేదట.

నన్ను చూసి లేచి నిలబడి నమస్తే పెట్టింది. పక్కనే ఎరువు సంచీ. సంచీ మీది మాటలన్నీ పుల్లతో మట్టిలో దించేసింది. ఒక్క గీత కూడా పొల్లు పోలేదు.

"ఏం రాశావు?" అన్నాను.

"తెల్వది మేడం."

"మరి ఎందుకు రాశావు?"

"మంచిగ రాస్తనని మీరే అన్నరు గదా" అంది. తర్వాత దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "నా దిమాక్ కరాబైందంట. నాకైతే ఏం నొస్తలేదు. మా నాయినకు చెప్తే ఇంటలేడు. మీరన్న చెప్పుండ్రి" అంది.

మూడో తరగతి పిల్ల నన్ను అడిగింది అంతే. మొహం దాచుకోవడానికి సంచీ మీది మాటలు చదివినట్టు వంగాను.

మొగులయ్య మందు డబ్బా వీపు మీంచి దించి వచ్చాడు. దుర్గాబాయి కూడా వచ్చింది. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. చివరికి ఏ రకంగానూ కాదు.

"పోయినసారి శృతికి బి రాలేదండీ. నేను రాశాను. అప్పుడు కూడా పిల్లకి అక్షరాలే వచ్చు. పదం చదవడం రాదు. నేను అబద్ధం రాశాను."

ఆయనకి అర్థం కాలేదు. "బి అని ఉన్నది గద మేడం, కార్డుల?"

"ఉంది. అది తప్పు. నేనే రాశాను."

ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఉండుండ్రి. బోరు కాడ పడకముందు సుత, గా వాక్యం చదువుడు రాకుండెనా?"

"రాకుండె" అన్నాను. ఆయన మాటే నా నోట వచ్చింది.

"అంటే పడ్డందుకు ఏం పోలేదా?"

"ఏమీ పోలేదు. వచ్చింది ఏదీ పోలేదు. నేనే నేర్పలేదు."

మొగులయ్య అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాడు. తువ్వాలతో మొహం కప్పుకుని ఏడ్చాడు. తిడతాడని వెళ్ళాను, కొట్టినా పడదామని వెళ్ళాను. ఆయన ఏడుస్తూ, "ఏం గాలేదంట, ఏం గాలేదంట" అని శృతిని దగ్గరికి లాక్కుని నూనె తల మీద చెయ్యి పెట్టి పదేపదే నిమిరాడు. నా మీద కోపం గుర్తుకు కూడా రాలేదు ఆ మనిషికి. అదే భరించలేకపోయాను.

గుర్తొచ్చింది దుర్గాబాయికే.

"ఇరవై రోజుల సంది మా ఆయన అన్నం తింటలేడు. మొన్న నేను బడికి వస్తి. గప్పుడన్న నోరు రాలేదా మీకు? మీరు సదువుకున్నోళ్ళు. మీకు ఎట్ల మనసొప్పింది?"

రేపు ఆసుపత్రికి వెళ్ళనక్కర్లేదని మాత్రం అన్నాను.

"పోతం" అంది. "మీ మాట మీద ఆగుతమా?"

19 సెప్టెంబర్, సోమవారం

శృతి బడికి వచ్చింది. తలకాయ ఫోటో చాలా బాగా వచ్చిందని, అందులో తన పళ్ళు కూడా కనిపించాయని క్లాసంతా చెప్పుకుంది. డాక్టరు ఏమీ లేదన్నాడట.

మధ్యాహ్నం అన్నాల తర్వాత ఇరవై నిమిషాలు ఇద్దరం కూర్చున్నాం. నోట్సు తియ్యనివ్వలేదు. చేతిలో పెన్సిలు లేకపోతే ఎంత బిత్తరపోయిందో పాపం. తోట, మోటరు, బోరు, నాయిన. ఈ నాలుగు మాటలు. "తో" దగ్గర ఏడుపు మొహం పెట్టింది. ఆ పిల్లకి గుణింతం చదవడం రాదు, పాడటమే వచ్చు. క నుంచి మొదలుపెడితే ఆగకుండా చెప్తుంది. మధ్యలో ఒకటి చూపిస్తే తెలియదు. రెండేళ్ళు నా క్లాసులో ఉంది, నాకు తెలియలేదు.

20 సెప్టెంబర్

తోట వచ్చింది.

23 సెప్టెంబర్

తోట పోయింది. బోరు వచ్చింది.

29 సెప్టెంబర్, గురువారం

గోపాలరావుగారు నాతో మూడు రోజులు మాట్లాడలేదు. ఇవాళ టీ పంపించారు. నేను ఫిబ్రవరి మార్కుల సంగతి మండలానికి రాసిచ్చాను, నా క్లాసు వరకే. రెండు రోజుల కిందట మండల విద్యాధికారి పిలిచి అరిచారు. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. ఇంక్రిమెంటు సంగతి తర్వాత చూస్తారట. మా ఆయన మొదట కోప్పడి, తర్వాత తనే ఆ సంజాయిషీని అందమైన దస్తూరీలో తిరగరాసి పెట్టాడు.

పదకొండు ఇళ్ళలో నాలుగింటికి వెళ్ళి ఉన్నది చెప్పాను. తేజస్వి వాళ్ళవ్వ నవ్వింది. "మాకు ఎర్కనే. మా పిల్లకు ఏమొస్తదో మాకు ఎర్క లేదా" అంది. మిగతా వాళ్ళు నవ్వలేదు.

21 అక్టోబర్

దసరా సెలవుల్లో శృతి అంతా మర్చిపోయి ఉంటుందనుకున్నాను. రాగానే గోడ మీది సబ్బు ప్రకటన చదివింది. సగం.

18 నవంబర్, శుక్రవారం

మొగులయ్య రోజూ పిల్లని సైకిల్ మీద దింపుతున్నాడు. నాకు నమస్తే పెడతాడు. అంతకుమించి మాట లేదు. దుర్గాబాయి ఎదురొస్తే కొంగు సర్దుకుని పక్కకి వెళ్ళిపోతుంది. నాకు అలాగే కావాలి. అయినా వాళ్ళు నన్ను క్షమించాలని నాకు ఎంత ఉందో ఇక్కడ రాసుకుంటే సిగ్గుగా ఉంది.

3 డిసెంబర్, శనివారం

మళ్ళీ పరీక్ష అయింది. మళ్ళీ మైసయ్య సారే. శృతికి సి. బి వస్తుందని ఆశపడ్డాను, రాలేదు. సి సరైనదే.

కార్డు మొగులయ్య చేతికే ఇచ్చాను. పోయినసారి డి, ఈసారి సి. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, సంతకం పెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు.

"రేపు ఐతారం మేడ్చల్ బస్టాండు కాడికి వస్తరా మేడం? పది గొట్టంగ" అన్నాడు.

ఎందుకని అడగలేదు.

4 డిసెంబర్, ఆదివారం

తొమ్మిదిన్నరకే వెళ్ళి నిలబడ్డాను. ముగ్గురూ వచ్చారు. దుర్గాబాయి బెంచీ మీద సంచీ పెట్టుకుని కూర్చుంది. మొగులయ్య నన్ను కొంచెం వెనక్కి తీసుకెళ్ళి చెరుకురసం బండి పక్కన నిలబెట్టాడు.

"మీరు గీడనే ఉండుండ్రి. పిల్లకు కనబడొద్దు. సైగ జేస్తరని కాదు" అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి వచ్చి, "సైగ జేస్తరనే మేడం. తప్పనుకోకుండ్రి" అన్నాడు.

తప్పనుకోలేదు.

ఆయన పరీక్ష ఇది. బస్సు వచ్చి ఆగగానే శృతి ముందుకెళ్ళి బోర్డు చదవాలి. చదివాక ఆయన కండక్టరుని అడుగుతాడు. ఆయనకి చదువు రాదు, కండక్టరే ఆయన జవాబుల పుస్తకం.

మొదటి బస్సు. "కీ... స... ర. కీసర."

"యాడికి పోతది అన్నా?"

"కీసర. ఎక్కుండ్రి జల్దీ."

"మేం ఎక్కం" అన్నాడు మొగులయ్య. కండక్టరు ఏదో గొణిగి విజిలేశాడు. రెండోది దుండిగల్. సున్నా దగ్గర తడబడి, వెనక్కి వచ్చి, చదివింది. మూడోది శామీర్‌పేట. బస్సు కదిలిపోతుంటే పక్కన పరిగెత్తుతూ చదివింది. నేను పిడికిళ్ళు బిగించుకుని నిలబడ్డాను. చెరుకురసం అతను ఏమైందమ్మా అని అడిగాడు.

నాలుగోది సికింద్రాబాద్ బస్సు. శృతి బోర్డు ముందు నిలబడి చాలాసేపు చూసింది. పెదాలు కదిలాయి, ఆగాయి. ఆసుపత్రికి వాళ్ళు వెళ్ళింది ఆ బస్సులోనే. ఊరికే చెప్పేయచ్చు. చెప్పేస్తుందేమోనని బండి చాటునుంచి తొంగి చూశాను.

"గిది యాడికి పోతదో నాకు తెలుసు నాయినా" అంది. "గని చదువస్తలేదు."

మొగులయ్య కండక్టరుని ఏమీ అడగలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"నాల్గింట్ల మూడు" అన్నాడు. "గిదేనా సి అంటే?"

"ఇదే. పదాలు చదువుతుంది. అక్షరం కింద ఇంకో అక్షరం ఉంటే ఆగిపోతుంది. అది జనవరికల్లా నేర్పుతాను."

"గట్ల జెప్పుండ్రి మరి. ఏ, బి అంటే నాకేం ఎర్క? గిట్ల జెప్తే నాకు సుత సమజైతది." జేబులోంచి కార్డు తీశాడు. "మీరిప్పుడు చూసింది గీ కార్డు మీద రాయుండ్రి."

బండి బల్ల మీద పెట్టి, సి పక్కన ఖాళీలో చిన్న అక్షరాలతో రాశాను. కీసర, దుండిగల్, శామీర్‌పేట చదివింది. సికింద్రాబాద్ చదవలేదు. కింద నా సంతకం, తేదీ.

ఆయన నా చేతిలోంచి కార్డు తీసుకుని, తను చూడకుండా, శృతికి ఇచ్చాడు. "ఏం రాసిండ్రో చదువు" అన్నాడు.

శృతి వేలు పెట్టి చదివింది. కీసర. దుండిగల్. శామీర్‌పేట. చ... ది... విం... ది. నాలుగో ఊరి దగ్గర వేలు ఆగిపోయింది. తల ఎత్తి వాళ్ళ నాయినని చూసి, రాదన్నట్టు తలూపింది.

మొగులయ్య పెన్ను తీసుకుని తన పేరు మెల్లగా రాశాడు. రాసి, బెంచీ మీదున్న దుర్గాబాయికి వినిపించేలా గట్టిగా అన్నాడు.

"మేడం ఈసారి నిజమే రాసింది."